రాట్నం చక్రంతో సైకిలు

ఆదివారం పేపరుతో వచ్చే పుస్తకంలో ఈమధ్య ఎవరో ఒకరు తమ చిన్ననాటి సైకిలు గురించి రాస్తూనే ఉన్నారు. అద్దె సైకిలు తీసుకున్నామనీ, మోకాళ్ళు గీరుకుపోయాయనీ, ఆ వేసవులు మళ్ళీ రావనీ. చదివిన ప్రతిసారీ కాగితం మడిచి అవతల పడేస్తాను. సైకిలు ఆటవస్తువుగా ఉన్న ఇళ్ళలో పెరిగినవాళ్ళు రాసే మాటలవి. మా ఇంట్లో ఒక వేసవికి సైకిలంటే మా అమ్మాయి చదువు. సైకిలుంటే బడి, లేకపోతే రాట్నం ముందు పీట. ఆ సైకిలుతో నేను చేసిన నిర్వాకం ముచ్చటగా చెప్పుకునేది కాదు. అయినా పాతికేళ్ళు దాటిపోయాయి. తప్పెవరిదో ఇప్పుడు దాచుకుని ఏం చేసుకుంటాను?

మాది పామర్రుకి మూడు మైళ్ళ దూరంలో, కాలువ గట్టు పక్కనే ఉన్న నేత ఊరు. తొంభైల నడిమి మాట ఇది. అప్పట్లో మా వీధిలో ఏ ఇంటి ముందు నిలబడ్డా లోపలి నుంచి మగ్గం చప్పుడు వినబడేది. నేనూ నేతగాణ్ణే. గుంట మగ్గంలోకి కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే మళ్ళీ మధ్యాహ్నం భోజనానికే లేచేవాణ్ణి. మా ఆవిడ పక్కనే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. కండెలంటే మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే చిన్న దారపు చుట్టలు. అవి చుట్టే చెయ్యి ఆగితే నేసే చెయ్యి కూడా ఆగిపోవలసిందే. అందుకే మా ఇళ్ళలో ఆడపిల్లకి పది పన్నెండేళ్ళు వచ్చేసరికి రాట్నం దగ్గర ఒక పీట సిద్ధంగా ఉండేది.

నేను బడికి వెళ్ళింది మూడో తరగతి దాకానే. ఆ తర్వాత చదువంతా నాకు నేనే చెప్పుకున్నాను. నూలు కట్టలకి చుట్టొచ్చే పాత పేపర్లు సాపు చేసుకుని, కూడబలుక్కుని చదివాను. ఆ పేపర్లలో కథ సగంలో చిరిగిపోయి ఉంటే మిగతా సగం నేనే ఊహించుకునేవాణ్ణి. మగ్గం బాగుచేసుకోవడం, గోడగడియారం విప్పి మళ్ళీ బిగించడం, ఇంట్లో కరెంటు వైరు లాక్కోవడం, అన్నీ చూసి నేర్చుకున్నవే. ఒకరి ముందు చేతులు కట్టుకుని నిలబడి "ఇదెట్లా అండీ" అని అడిగిన మనిషిని కాను. చాలాకాలం దాన్ని గొప్పగా కూడా చెప్పుకున్నాను.

మా ఊరి బడి ఏడో తరగతితో అయిపోయేది. ఎనిమిది చదవాలంటే పామర్రు వెళ్ళాలి. బస్సు ఉండేది గానీ, దాని టైము దానిది, బడి టైము బడిది. మగపిల్లలు తండ్రుల సైకిళ్ళ మీద ఇద్దరేసి, ముగ్గురేసి పోయేవాళ్ళు. ఆడపిల్లలు చాలామంది ఏడుతో ఆగిపోయేవాళ్ళు. మూడు మైళ్ళ అవతల బడి ఉంది, బల్లలున్నాయి, పాఠం చెప్పేవాళ్ళున్నారు. నడుమనున్న దారి ఒక్కటి దాటలేక ఇంతమంది పిల్లలు ఇంట్లో కూర్చోవడమేమిటని రచ్చబండ దగ్గర అడిగాను. "నీ కూతుర్ని కలెక్టర్ని చేస్తావా ఏంటయ్యా?" అని నవ్వారు. కలెక్టరు కానివాళ్ళెవరూ ఎనిమిదో తరగతి చదవకూడదా?

మా అమ్మాయి ఏడో తరగతి పరీక్షలు రాసి వచ్చిన సాయంత్రం మా ఆవిడ ఆ మాట ఎత్తింది.

"ఇంక చాల్లెండి. నాకు నడుం పడిపోతంది. కండెలకి దాన్ని కూర్చోబెడతా."

"ఎనిమిదిలో చేరుస్తన్నా," అన్నాను.

"చేర్చండి. ఎట్టా వెళ్తది? కాలవ గట్టు మీద ఒక్కతీ నడిచి వెళ్ళి నడిచి వస్తదా? ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళవుద్ది. ఎవురన్నా ఏవన్నా అంటే? నేను పంపను."

"సైకిలు తెస్తా."

"తెస్తారు, తెస్తారు. పోయిన దసరాకి ఫాను తెస్తానన్నారు. ఇప్పటికీ విసనకర్రే గతి."

నాకు రోషం వచ్చింది. "బడి తెరిచిన రోజు నుంచి ఇది సైకిలెక్కి వెళ్తది. ఎక్కి వెళ్ళలేకపోయిందా, నీ ఇష్టం. రాట్నం ముందే కూర్చోబెట్టుకో. నేను అడ్డం వస్తే అప్పుడు అడుగు!"

ఈ పందెం పిల్ల ముందే కాశాను. అది గుమ్మంలో నిలబడి వింది. ఏమీ అనలేదు. ఆ పిల్ల ఏమీ అనలేదంటే బుర్రలో పెట్టుకుందని అర్థం. ఆ సంగతి తండ్రినై ఉండీ నాకు అప్పటికి తెలియదు.

మా బావమరిది బెజవాడ గవర్నర్‌పేటలో ఒక లాడ్జిలో గుమస్తా. ఆ లాడ్జి వెనక వరండాలో ఒక లేడీస్ సైకిలు ఏళ్ళ తరబడి పడి ఉందని ఒకసారి మాటల్లో చెప్పాడు. ఎవరో దిగి, వదిలేసి వెళ్ళిపోయారట. రంగులు కొనడానికి బెజవాడ వెళ్ళినప్పుడు చూశాను. ఫ్రేము గట్టిగా ఉంది. వెనక చక్రం బాగానే ఉంది. ముందు చక్రమే లేదు, ఎవడో విప్పుకుపోయాడు. "తీసుకెళ్ళు బావా, మా ఓనరుకి ఈ వరండా ఖాళీ అయితే చాలు," అన్నాడు వాడు. బస్సు టాపు మీద కట్టించి పామర్రు సెంటర్లో దింపుకున్నాను.

దింపుకున్న చోటుకి ఎదురుగానే సాయిబుగారి సైకిలు షాపు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయనే అద్దె సైకిళ్ళిచ్చేవాడు, ఆయనే పంక్చర్లు వేసేవాడు. నా భుజం మీద ఒంటి చక్రం సైకిలు చూసి, నీళ్ళ తొట్టి దగ్గర్నుంచి లేచి వచ్చాడు.

"ఫ్రేము బ్రహ్మాండంగా ఉందన్నగారూ. ముందు చక్రం పాతదేదన్నా చూసి నేను కడతా. ఓ పది రోజులాగండి. సెలవలు కదా, పిలకాయలు తొక్కి తెచ్చే అద్దె సైకిళ్ళకి పంక్చర్లేసుకోటంతోనే తెల్లారిపోతంది."

"చక్రం మా ఇంట్లోనే ఉంది లెండి. మా రాట్నానికి ఉన్నది సైకిలు చక్రమే."

అది నిజమే. మా వీధిలో సగం ఇళ్ళలో రాట్నాలకి పాత సైకిలు చక్రాలే ఉండేవి. కొయ్య చక్రం కంటే తేలిగ్గా తిరుగుతుందని అవే వాడేవాళ్ళం.

సాయిబుగారు నవ్వాడు. "రాట్నం చక్రమా! అది దారాన్ని మొయ్యడానికి అలవాటు పడిందండీ. మనిషినేం మోస్తది? పైగా అది పనికిరాదని నేనే మీ వీధివాళ్ళకి ఇచ్చుంటాను."

"మీరు పనికిరావన్నవి మా ఇళ్ళలో పదేళ్ళ నుంచి పనిచేస్తన్నాయి సాయిబుగారూ."

"అయితే మీ ఇష్టం. పుల్లలు మాత్రం ముట్టుకోమాకండి. చక్రం ఏమన్నా ఊగితే నా దగ్గరికి తోలుకురండి."

పుల్లలంటే చక్రం నడుమ నుంచి అంచు దాకా ఉండే సన్నటి ఇనప చువ్వలు. ఆయన మంచి మాటే చెప్పాడు. నాకు మాత్రం "ముట్టుకోమాకండి" అన్న ముక్క ఒక్కటే ఇంటిదాకా చెవిలో మోగుతూ వచ్చింది. గడియారం విప్పి బిగించినవాణ్ణి, నన్ను పుల్ల ముట్టుకోవద్దంటాడా!

మర్నాడు పొద్దున్నే రాట్నం విప్పేశాను. పిడి ఊడదీసి, చక్రాన్ని కిరసనాయిలుతో తుడిచి, టైరూ ట్యూబూ వేసి, ఫోర్కులో బిగించాను. కొలిచి చేసినట్టు సరిపోయింది. మా ఆవిడ చంకలో కండెల బుట్ట పెట్టుకుని వచ్చి, చక్రం పోయి వట్టి చెక్కలు మిగిలిన రాట్నం వంక చూసింది.

"ఇప్పుడు కండెలు నోటితో చుట్టమంటారా?"

"నాలుగు రోజులు ఆగవే. కొయ్యతో వేరే చక్రం చేస్తా."

"దానికి సైకిలు, నాకు ఊరేగింపు. బాగుంది," అని బుట్ట పట్టుకుని పక్కింటి రాట్నం దగ్గరికి వెళ్ళిపోయింది. నాలుగు రోజులన్న మాట రెండు నెలలు దాటింది. అన్నాళ్ళూ ఆవిడ వాళ్ళింట్లో వీళ్ళింట్లో కూర్చుని కండెలు చుట్టుకొచ్చింది. అందుకు నన్నేమనాలో అవన్నీ అంది.

ఏప్రిల్లో కాలువలు కట్టేశారు. డెల్టాలో ఉన్నవాళ్ళకి తెలుసు. ఏటా వేసవిలో మరమ్మతుల కోసం నీళ్ళు ఆపేస్తే, పదిహేను రోజుల్లో కాలువ అడుగు ఎండి రోడ్డులా తయారవుతుంది. ఊళ్ళో పిల్లలకి సైకిలు నేర్చుకునే స్థలం అదే. లారీలు రావు, ఎద్దుబండ్లు రావు. పడితే మెత్తటి ఇసక. అటూ ఇటూ గట్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి, తొక్కడం రానివాణ్ణి గట్టు మీద నుంచి కిందికి వదిలితే చాలు, సైకిలే తీసుకుపోతుంది. సాయంత్రం నాలుగయ్యేసరికి కాలువ నిండా పిల్లలే. తండ్రుల పెద్ద సైకిళ్ళ మీద సీటు అందక, బారు కింద నుంచి కాలు దూర్చి ఒక పక్కకి వేలాడుతూ తొక్కేవాళ్ళు కొందరు. గంట కోసం అద్దెకి తెచ్చి, ఒకే సైకిలు మీద ఆరుగురు వంతులేసుకునేవాళ్ళు కొందరు. గంటలూ, అరుపులూ, దుమ్మూ. లాకుల వైపు నుంచి ఒకడు చేతులు వదిలేసి వస్తుంటే, మిగతావాళ్ళు అడుగు మడుగుల్లో మిగిలిన బురద తీసి వాడి మీదికి విసిరేవాళ్ళు.

మా అమ్మాయి మూడు రోజుల్లో నేర్చుకుంది. మొదటి రోజు నేను వెనక క్యారియరు పట్టుకుని పరిగెత్తాను.

"వదలమాక నాన్నా!"

"వదల్లేదు, తొక్కు!"

"వదిలేశావు! నీ గొంతు దూరంగా వినపడతంది!"

వదిలేశాను మరి. అది కేక వేస్తూనే పాతిక గజాలు తొక్కింది. తర్వాత గట్టుకి గుద్దుకుని పడింది. లేచి ముందు చూసుకున్నది మోకాలు కాదు, చక్రం. ఆ సాయంత్రాల గురించి మాత్రం పేపర్లో రాసేవాళ్ళతో నాకు తగాదా లేదు.

రెండు వారాలకి ముందు చక్రం కొద్దిగా ఊగడం మొదలుపెట్టింది. తిరిగేటప్పుడు అంచు ఒకచోట కుడికి జరిగి మళ్ళీ సర్దుకునేది. అప్పుడు సాయిబుగారి దగ్గరికి తోలుకెళితే ఈ కథే లేదు. నేను పుల్లలు బిగించే చిన్న కీ ఒకటి బెజవాడ నుంచి తెప్పించుకున్నాను.

నేతగాడికి ఒకటే సంగతి తెలుసు. పడుగులో ఒక దారం వదులైనా గుడ్డ చెడుతుంది. నిలువు దారాలన్నీ సమంగా, బిగువుగా ఉండాలి. మగ్గం మీద చెయ్యి ఆడిస్తే ఏ దారం వదులో నా వేళ్ళకి తెలిసిపోయేది. చక్రం పుల్లలు కూడా నా కంటికి పడుగులాగే కనిపించాయి. ఒక్కొక్క పుల్లనీ గోటితో మీటి చూసేవాణ్ణి. చప్పుడు మొద్దుగా వస్తే వదులు, ఖంగుమంటే బిగువు. మొద్దుగా మోగినవాటిని బిగించాను. అప్పుడు వాటి పక్కవి మొద్దుగా వినిపించాయి. వాటినీ బిగించాను. ప్రతి సాయంత్రం పిల్ల కాలువ నుంచి రాగానే సైకిలు తలకిందులుగా నిలబెట్టి ఇదే పని. వీధివాళ్ళు అరుగుల మీద కూర్చుని చూసేవాళ్ళు. "సాయిబు అవసరం లేదయ్యా మనకి," అని వాళ్ళకి వినబడేట్టు అనేవాణ్ణి.

నాలుగైదు రోజులు నేను అన్నట్టే చక్రం సూటిగా తిరిగింది. ఆ తర్వాత రెండు చోట్ల ఊగింది. ఇంకా బిగించాను.

"నాన్నా, నువ్వు బిగించేకొద్దీ ఎక్కువ వంకరవుతంది," అంది పిల్ల ఒకరోజు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలా. తొక్కేది నేను కదా, తెలుస్తంది. ఒకసారి సాయిబుగారికి..."

"నాకు చెప్తన్నావా? నేను పుట్టి నలభై ఏళ్ళయింది. నువ్వు సైకిలెక్కి నలభై రోజులు కాలేదు. తొక్కడం సరిగ్గా తొక్కు, చక్రం సంగతి నేను చూసుకుంటా!"

వీధంతా వినేట్టు అరిచాను. పిల్ల తల దించుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత చక్రం గురించి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఎట్లా ఉందే అని అడిగితే, "బాగుంది నాన్నా" అనేది. నా పనికి అది మెప్పు అనుకున్నాను.

జూన్‌లో కాలువలు వదిలారు. ఎర్రటి కొత్త నీళ్ళు వచ్చి, పిల్లలు తొక్కిన జాడలన్నీ మునిగిపోయాయి. వారానికి బడి తెరిచారు. ఆ పొద్దున వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. మా అమ్మాయి క్యారియరు మీద పుస్తకాల సంచి బిగించి, అమ్మ వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, సైకిలెక్కింది. వీధి చివరిదాకా, అక్కణ్ణుంచి వంతెన మలుపు దాకా తొక్కుకుంటూ వెళ్ళింది. కొంచెం అటూ ఇటూ తూలింది గానీ, కొత్త కదా అనుకున్నాం.

"చూశావా?" అన్నాను మా ఆవిడతో.

"చూశా. రాట్నం ఎప్పుడు చేస్తారు?" అంది.

మూడు వారాలు గడిచాయి. పిల్ల పొద్దున ఏడింటికే బయల్దేరేది. అంత పెందలాడే ఎందుకంటే, ముందు బల్ల దొరకదు నాన్నా అనేది. సాయంత్రం ఆరు దాటాక గానీ వచ్చేది కాదు. మూడు మైళ్ళు సైకిలు మీద రావడానికి ఇంతసేపా? ఒకరోజు నిలదీశాను.

"దారిలో ఎవరితో కబుర్లు?"

"ఎవరితో లేదు. బళ్ళో ఉండిపోయా. లెక్కలు చెప్తన్నారు."

"రేపట్నుంచి తిన్నగా ఇంటికి రా. మీ అమ్మ ఏమంటదో తెలుసు కదా."

"వస్తా నాన్నా."

మా ఆవిడ ఒకసారి పిల్ల చెప్పులు చేతిలో పట్టుకుని, "సైకిలు తొక్కే పిల్లకి చెప్పులు ఇట్టా అరుగుతాయేంటండీ?" అంది. బ్రేకు వెయ్యడం రాక కాళ్ళు నేలకి ఆనిస్తోందేమో అన్నాను. నా నోటికి ఎప్పుడూ ఏదో ఒక జవాబు వచ్చేది. అదే నా జబ్బు.

ఒక సాయంత్రం నూలు కోసం పామర్రు బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చున్నాను. ఊరు దాటి రెండు మైళ్ళు పోయాక, గట్టు రోడ్డు మీద ఎదురుగా మా అమ్మాయి వస్తోంది. నడిచి వస్తోంది. రెండు చేతులతో హాండిలు పట్టుకుని సైకిలు నెట్టుకుంటూ వస్తోంది. చెమటకి జాకెట్టు వీపుకి అతుక్కుపోయి ఉంది. మగపిల్లలు ఇద్దరు సైకిలు మీద పక్క నుంచి పోతూ ఏదో అని నవ్వారు. అది తలెత్తి చూడలేదు కూడా. రోజూ అలవాటైన మనిషిలాగా నడుస్తోంది.

బస్సు ఆపించి దిగాను. నన్ను చూడగానే అది గబుక్కున సైకిలెక్కబోయింది.

"ఆగు. ఏమైంది? పంక్చరా?"

ఎత్తిన కాలు కింద పెట్టేసింది.

"ఎక్కవేం? తొక్కుదామనే కదా ఎక్కబోయావు, తొక్కు చూద్దాం!"

ఎక్కింది. నాలుగు గజాలు పోయేసరికి ముందు చక్రం ఫోర్కుకి రాసుకుని గీ అని అరిచింది. ఇంకో రెండు గజాలకి పట్టేసింది. అది కాలు ఆనించి నిలబడింది. మనిషి బరువు పడగానే చక్రం పక్కకి వంగి ఇరుక్కుంటోంది. ఇంటి దగ్గర నేను గాలిలో తిప్పి చూసినప్పుడు మాత్రం రాసీ రాయనట్టు తిరిగేది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"బడి తెరిచిన రెండో రోజు నుంచి."

"రోజూ నడుస్తున్నావా? రానూ పోనూ?"

"వంతెన మలుపు దాకా తొక్కుతా నాన్నా. మళ్ళీ వచ్చేటప్పుడు మలుపు దగ్గర ఎక్కుతా. మెల్లగా తొక్కితే అంత దూరం వస్తది."

"సైకిలు ఇంట్లో పెట్టి ఉత్త చేతులతో నడవకూడదటే? దీన్ని కూడా మోసుకు తిరగటం దేనికి?"

నా వంక వింతగా చూసింది. "ఎక్కి వెళ్ళలేకపోతే రాట్నం ముందు కూర్చోబెట్టుకోమన్నది నువ్వే కదా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పా. చక్రం వంకరవుతందని చెప్పా. నువ్వు అరిచావు. మళ్ళీ చెబితే ఒప్పుకుంటావా?"

కాలువ నిండుగా పారుతోంది. చెంప మీద కొట్టినా అంత ఉడుక్కునేవాణ్ణి కాను. కోపం వచ్చింది. దాని మీద కాదని చెప్పుకోవడానికి లేదు, దాని మీద కూడా వచ్చింది. మూడు వారాలు, రోజుకి ఆరు మైళ్ళు, పదమూడేళ్ళ పిల్ల, నా పందెమూ నా పరువూ కింద పడకుండా సైకిలు నెట్టుకుంటూ తిరిగింది. ఇంటికొచ్చి తిట్లు కూడా నా దగ్గరే తింది.

"పద, సాయిబుగారి దగ్గరికి," అన్నాను. హాండిలు నేను అందుకున్నాను. పామర్రు వైపు మైలు దూరం ఇద్దరం నడిచాం. నెడుతుంటే తెలిసింది, చక్రం ప్రతి చుట్టుకీ ఒకచోట పట్టి లాగుతోంది. ఆ లాగుడు భుజం దాకా వస్తోంది.

షాపు మూసే వేళకి చేరాం. ఏమని అడగాలో తెలియక సైకిలు ఆయన ముందు నిలబెట్టాను. సాయిబుగారు చక్రం తిప్పి చూశాడు, పుల్లల మీద వేలు ఆడించాడు. ఖంగున మోగాయి.

"వీణ వాయిద్దామనుకున్నారా అన్నగారూ?"

"తెలియక చేశానండీ," అన్నాను. అరవై దాటిన ఈ వయసులో రాయడానికి తేలిగ్గానే ఉంది. ఆ రోజు ఆ మాట గొంతు దాటడానికి చాలాసేపు పట్టింది. "ఎట్టా చెయ్యాలో చెప్పండి."

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నేల మీద గొంతుక్కూర్చుని చూపించాడు. "ఇటు చూడండి. సగం పుల్లలు చక్రాన్ని ఇటు లాగుతాయి, సగం అటు లాగుతాయి. ఇటుదాన్ని ఒక చుట్టు బిగిస్తే అటుదాన్ని కొంచెం వదలాలి. మీరు బిగించటమే గానీ వదలటం అనేది చెయ్యలేదు. ఇనుము మాత్రం ఎంతని ఓర్చుకుంటది?" ఒక పుల్ల వదులు చెయ్యబోతే అది ఫట్‌మని తెగి ఎగిరింది. పిల్ల ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది.

"ఈ చక్రం అయిపోయిందండీ," అని ఆయన తన అద్దె సైకిలు ఒకదాని ముందు చక్రం విప్పి, మా సైకిలుకి అక్కడికక్కడే బిగించాడు. పిల్ల ఎక్కి, షాపు ముందు రెండు చుట్లు తిరిగింది. గీమన్లేదు, గుయ్యిమన్లేదు. దిగి నా దగ్గరికొచ్చి, చిన్న గొంతుతో, "అమ్మకి చెప్పమాక నాన్నా. మానిపించుద్ది," అంది.

"నువ్వు పో. చీకటి పడకముందే ఇంటికి చేరు," అన్నాను.

అది తొక్కుకుంటూ వెళ్ళిపోయింది. నేను వంకరపోయిన చక్రాన్ని భుజానికి తగిలించుకుని నడిచాను. బస్సెక్కొచ్చు, ఎక్కలేదు. ఆ చక్రం కాలువలో పారేస్తే అడిగేవాడు లేడు. పారెయ్యలేదు. మా వీధి మొదట్లోనే అరుగు మీది నుంచి ఒకడు, వరసకి అల్లుడు, పలకరించాడు.

"ఏంటి మామా, చక్రం మెళ్ళో వేసుకొచ్చావు! సన్మానం చేశారా ఏంటి?"

"చేశారు. సాయిబుగారు చేశారు. నేను బిగించిన చక్రం మూడు వారాల నుంచి తిరగట్లేదంట. నా కూతురు పామర్రు దాకా రోజూ నడిచెళ్తందంట. నీకేమన్నా తెలుసా?"

వాడి నవ్వు ఆగింది. "దారిలో చూశాం మామా. నువ్వు కోప్పడతావని..." అని నసిగాడు. అంటే వీధిలో సగం మందికి తెలుసు. సాయిబు అవసరం లేదని నేను ప్రగల్భాలు పలుకుతుంటే, వీళ్ళంతా తలలూపుతూ కూర్చున్నారు. ఎవడి మీద విరుచుకుపడను? చెప్పనివాళ్ళ మీదా? చెప్పడానికి వీల్లేకుండా చేసుకున్న నా మీదా?

ఇంటికి చేరేసరికి మా ఆవిడ గుమ్మంలో ఉంది. పిల్ల మూల నిలబడి నా మొహం వంక చూస్తోంది. చక్రం గోడకి ఆనించి, జరిగింది జరిగినట్టు చెప్పాను. పందెం నేను ఓడిపోయానని కూడా చెప్పాను. మా ఆవిడ పిల్లని దగ్గరికి పిలిచి, అరిచేతులు తిప్పి చూసింది. హాండిలు పట్టిన చోట కాయలు కాసి ఉన్నాయి. చాలాసేపు ఆ చేతులు వదల్లేదు.

"రోజూ నడిచావా?"

"ఊఁ."

"మరి నాకు చెబితే ఏం పోయింది?"

"నువ్వు మానిపిస్తావు."

మా ఆవిడ నా వైపు తిరిగింది. "నెట్టుకుంటూ నడిచెళ్ళినా మానని పిల్లని నేనేం మానిపిస్తాను? కూర్చోబెడితే మాత్రం ఇది కండెలు చుడుద్దా? రేపటి నుంచి సద్దన్నం కాదు, వేడన్నం పెట్టి పంపిస్తా." కాస్త ఆగి, "అదే నోటితో చెప్తన్నా, రేపు పొద్దునకి నా రాట్నం లేకపోతే మీ మగ్గం కూడా లేనట్టే," అంది.

మర్నాడు బజారు నుంచి కొయ్య తెచ్చి, మా వీధి వడ్రంగి దగ్గర కూర్చుని రాట్నానికి చక్రం చేయించాను. నేనే చెక్కగలను. అయినా చేయించాను.

పిల్ల అప్పటి నుంచి సైకిలెక్కే వెళ్ళింది. పొద్దున ఎనిమిదిన్నరకి బయల్దేరేది, సాయంత్రం అయిదింటికల్లా ఇంట్లో ఉండేది. ఒక పది రోజులకి అనుకుంటాను, బడి నుంచి వచ్చి సైకిలు స్టాండు వేసి, కాసేపు నా మగ్గం దగ్గర అటూ ఇటూ తచ్చాడింది.

"నాన్నా, చైను వదులైంది. తొక్కుతుంటే జారిపోతంది."

ఆ ముక్క నాతో చెప్పడానికి అది ఎంతసేపు ఆలోచించుకుందో అది నిలబడ్డ తీరులోనే కనబడుతోంది. నా చెయ్యి మాత్రం అప్పటికే పానా కోసం గూట్లోకి పోయింది.

"చైనే కదా. వెనక నట్టు వదిలి చక్రం కాస్త ఇవతలికి లాగితే..."

దాని మొహం మూసుకుపోయింది. తలుపు వేసినట్టు. "సరే నాన్నా," అంది. ఆ "సరే" ఎలాంటిదో అప్పటికి నాకు తెలుసు.

పానా గూట్లోనే పెట్టేశాను. "సాయిబుగారికి చూపిద్దాం," అన్నాను.

"నిజంగానా?"

"నిజంగానే."

"అయితే నువ్వు కూడా రా నాన్నా," అంది సైకిలు స్టాండు తీస్తూ. "నేర్చుకుందువుగాని."

కన్న కూతురు, పదమూడేళ్ళ పిల్ల, నాకు నేర్చుకోమని చెబుతోంది! వీధిలో వాళ్ళంతా వింటున్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. మగ్గం గుంటలో నుంచి పైకి లేచి, చొక్కా వేసుకుని, దాని వెనకాలే వెళ్ళాను.